మా దొడ్డమ్మ ఎత్తిన కొబ్బరికాయలు

"ఈ వయసులో నీకీ కుస్తీలేమిటే?" అన్నారు పెదనాన్నగారు వీధరుగు మీద పడక్కుర్చీలోంచి.

మా దొడ్డమ్మకి అరవై నాలుగేళ్ళు. కొత్తపేట దగ్గర పల్లెటూరు. ఆ పూట ఆవిడ చేస్తున్న కుస్తీ ఏమిటంటారా? కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవడం, కూర్చోవడం, మళ్ళీ లేవడం. తరవాత గుడ్డసంచీలో రెండు ఒలిచిన కొబ్బరికాయలు వేసి, మోచేయి మడిచి పైకెత్తడం, దింపడం. మోకాళ్ళు నిలబడాలంటే తొడల్లో సత్తువ ఉండాలని అమలాపురంలో డాక్టరుగారు చెప్పారు. దానికి ఇంటిల్లిపాదీ నవ్వు!

2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి రెండు ఎత్తుల్లో కలిపి 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చినప్పుడు ఇదే ఇంట్లో ఇదే పెదనాన్నగారు చప్పట్లు కొట్టారు. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొట్టమొదటి భారతీయ స్త్రీ మన తెలుగుపిల్లే అని ఊరంతా చెప్పుకున్నారు. ఊళ్ళో పిల్ల ఎత్తితే గర్వం, ఇంట్లో ఇల్లాలు ఎత్తితే వేళాకోళం!

అసలు ఆడదాని చేత బరువులెత్తించని రోజేదండీ? నూతిలోంచి బిందెలు తోడిందెవరు? రుబ్బురోలు తిప్పిందెవరు? నిండు గ్యాస్ సిలిండరు దాదాపు ముప్ఫై కిలోలుంటుంది, దాన్ని వంటింట్లోకి దొర్లించుకొచ్చేదెవరు? "అమ్మా, కాస్త మనవణ్ణి ఎత్తుకో" అన్నప్పుడు ఎవరికీ ఆవిడ వయసు గుర్తుకు రాదు. కిలో పైచిలుకు కొబ్బరికాయలు తన కోసం ఎత్తుకుంటే మాత్రం గుర్తుకొస్తుంది.

"మరి ఇంటిపనంతా వ్యాయామమేగా?" అంటారు కొందరు మగవాళ్ళు, మహా తెలివిగా. కాదండీ. ఇంటిపని ఒంటిని అరగదీస్తుంది, వరసగా పెంచదు. ముప్ఫై దాటాక కండ కొద్దికొద్దిగా తరగడం మొదలవుతుంది. ముట్లుడిగాక ఎముక ఇంకా వేగంగా పల్చబడుతుంది. ఒకనాడు స్నానాలగదిలో కాలు జారితే తుంటి విరుగుతుంది. అందుకే వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి పనిపెట్టమనీ, అరవై అయిదు దాటినవాళ్ళు తూలిపోకుండా నిలబడే సాధన కూడా చెయ్యమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. వయసు మీరిపోయిందంటారా? 1990లో బోస్టన్‌లో తొంభై ఏళ్ళ ముసలివాళ్ళ చేత ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులెత్తిస్తే, కాళ్ళ బలం రెట్టింపుకి మించి పెరిగింది. మా దొడ్డమ్మ వాళ్ళ ముందు పడుచుపిల్ల!

ఇంట్లోవాళ్ళ నవ్వుకి జవాబు చెప్పచ్చు. మనల్ని మనం తిట్టుకునే తిట్లకే జవాబు దొరకదు. కార్తీకమాసంలో చుట్టాలొచ్చి పన్నెండు రోజులు సాధన ఆగిపోయింది. మళ్ళీ మొదలెడితే ఆరుసార్లు కూడా లేవలేకపోయింది దొడ్డమ్మ. "ఛీ, పాడు ఒళ్ళు! నా బతుకింతేనే అమ్మడూ," అంది. కోడల్ని ఆ మాట ఏనాడూ అనలేదావిడ. దూడ పాలు కుడవకపోతే ఎంత లాలనగా బుజ్జగిస్తుందో! తన మోకాలి దగ్గరికొచ్చేసరికి ఆ నోరు ఎందుకంత కటువవుతుందో తెలీదు.

నేను మాత్రం తక్కువ తిన్నానా? కిందటేడు పట్నంలో ఒక జిమ్ములో చేరాను. "ఆంటీ, పదిరోజుల్లో తేడా చూపిస్తా," అన్నాడొక కుర్రాడు. మొదటిరోజే మోయలేని బరువు పెట్టాడు. నాలుగురోజులు దువ్వెన తలదాకా ఎత్తలేకపోయాను. విచిత్రం చూడండి, వాణ్ణి తిట్టలేదు, నన్నే తిట్టుకున్నాను!

మనకి ఓర్పు నేర్పినవాళ్ళు తలకిందులుగా నేర్పారు. నొప్పి ఓర్చుకోమన్నారు. దొడ్డమ్మ మూడేళ్ళు మోకాలినొప్పి దాచిందంటే ఆ చదువే! కండ కాస్త సలుపుతూ రెండు మూడు రోజుల్లో తగ్గితే పరవాలేదు. కీలులో చురుక్కుమంటే అక్కడే ఆపాలి. బీపీ ఉన్నవాళ్ళు, ఎముక పల్చబడ్డవాళ్ళు డాక్టరునడిగి మొదలెట్టాలి. బరువెత్తేటప్పుడు ఊపిరి బిగపట్టకూడదు. రోజు విడిచి రోజు చెయ్యాలి. ఎందుకంటే కండ బాగుపడేది ఆ విడుపులోనే. మొదటి వారాల్లో నరాలు పని నేర్చుకుంటాయి, కండ తరవాత పెరుగుతుంది. ఎముకకైతే నెలలు కావాలి. ఓర్చుకోవలసింది ఆ ఆలస్యాన్ని.

ఆత్రేయపురంలో పూతరేకులు తీసేవాళ్ళని చూశారా? బోర్లించిన కుండ కింద మంట, పైన పల్చటి పిండినీళ్ళలో ముంచిన గుడ్డ. రేకు చిరిగితే కుండని తిట్టరు, తమని తాము తిట్టుకోరు. చిరిగినదాన్ని పక్కన పెట్టి మళ్ళీ గుడ్డ ముంచుతారు. ఈ సంగతే దొడ్డమ్మకి చెప్పాను. "పూతరేక్కున్నపాటి మర్యాద నా మోకాలికి లేదన్నమాట," అని నవ్వింది. మర్నాటినించి ఆరుతోనే మొదలెట్టింది. సంక్రాంతికి నేను వెళ్ళేసరికి పది అయ్యాయి.

"ఏమేవ్, కాఫీ!" అని కేకేశారు పెదనాన్నగారు అరుగుమీంచి.

"ఇంకా నాలుగున్నాయి, ఆగండి," అంది దొడ్డమ్మ, సంచీ దింపకుండానే.