కాగితాలు పక్కా... కొలత మాటేమిటి?

స్కానింగ్ కేంద్రాల్లో తనిఖీలు అనగానే జిల్లాలో ఎవరికైనా స్ఫురించేవి మూడే అంశాలు. లింగ నిర్ధారణ చేయబడదన్న బోర్డు గోడకు ఉన్నదా? రిజిస్ట్రేషన్ పత్రం కనిపించేలా తగిలించారా? ఫారం-ఎఫ్‌లో గడులన్నీ నింపారా? ఈ మూడూ సవ్యంగా ఉంటే ఆ కేంద్రానికి ఢోకా లేనట్టే. యంత్రం ముందు కూర్చున్న వైద్యుడు మూడో నెల గర్భంలో తీసుకున్న కొలత సరైనదేనా అన్న ప్రశ్న మాత్రం చట్టం అడగదు. ఆ కొలత పైనే ఒక కుటుంబం తీసుకునే అతి పెద్ద నిర్ణయం ఆధారపడి ఉన్నప్పటికీ పరిస్థితి ఇదే.

గర్భం 11 వారాలు నిండినప్పటి నుంచి 13 వారాల 6 రోజుల వరకు చేసే పరీక్షను మన ప్రాంతంలో ఎన్‌టీ స్కాన్ అంటున్నారు. ఆ దశలో శిశువు మెడ వెనుక చర్మం కింద పలుచటి ద్రవపు పొర ఉంటుంది. అది మామూలు కంటే మందంగా ఉంటే డౌన్ సిండ్రోమ్ వంటి క్రోమోజోమ్ లోపాలకు, గుండె నిర్మాణ లోపాలకు అవకాశం ఎక్కువని భావిస్తారు. లండన్‌లోని కింగ్స్ కాలేజీ ఆసుపత్రికి చెందిన ప్రొఫెసర్ కిప్రోస్ నికొలైడ్స్ బృందం 1992లో ఈ సంబంధాన్ని వెల్లడించింది. తల్లి వయసు, ఈ కొలత, డబుల్ మార్కర్ రక్తపరీక్ష మూడింటినీ కలిపి లెక్కగడితే డౌన్ సిండ్రోమ్ కేసుల్లో సుమారు 90 శాతాన్ని ముందే అనుమానించవచ్చు. అయితే కొలత సరిగ్గా తీసినప్పుడే ఈ 90 శాతం వర్తిస్తుందన్నది గమనించాలి.

ఇక్కడ కొలవాల్సింది ఎంత సూక్ష్మమో తెలిస్తే విషయం బోధపడుతుంది. శిశువు పొడవు, అంటే తల నుంచి పిరుదుల వరకు, 45 మి.మీ. ఉన్నప్పుడు ఆ పొర మందం సగటున 1.2 మి.మీ. ఉంటుంది. పొడవు 84 మి.మీ.కు చేరేసరికి అది సుమారు 2 మి.మీ. అవుతుంది. 3.5 మి.మీ. దాటితే ఏ వారంలోనైనా అనుమానించవలసిందే. మామూలుకూ అనుమానానికీ మధ్య ఉన్న దూరం అంతా ఒకటి రెండు మిల్లీమీటర్లే. శిశువు మెడ వెనక్కి వాలి ఉంటే కొలత 0.6 మి.మీ. వరకు పెరుగుతుంది. గడ్డం ఛాతీకి ఆనుకుని ఉంటే 0.4 మి.మీ. వరకు తగ్గుతుంది. ఉమ్మనీటి సంచి పొరను చర్మంగా పొరబడితే ఇక చెప్పనక్కరలేదు. బిడ్డ కదిలి సరైన భంగిమలోకి వచ్చేదాకా వేచి ఉండాలి, తలా ఛాతీ తెరనిండా కనిపించేలా చిత్రాన్ని పెద్దది చేయాలి, ఒకటికి రెండుసార్లు కొలవాలి. బయట బెంచీ మీద ముప్పై మంది గర్భిణులు నిరీక్షిస్తున్న చోట ఇంత ఓపిక ఎవరికి ఉంటుంది?

తక్కువగా కొలిస్తే ఏ లోపమూ లేదన్న తప్పుడు భరోసా. ఎక్కువగా కొలిస్తే అవసరం లేని భయం, ఆపై వేల రూపాయల రక్తపరీక్ష లేదా సూదితో ఉమ్మనీరు తీసే పరీక్ష. రెండో పరీక్షలో స్వల్పంగానైనా గర్భస్రావం ముప్పు ఉంది. పొరపాటు ఎటు జరిగినా మూల్యం చెల్లించేది తల్లే.

ఈ సంగతి విదేశాల్లో మొదట్లోనే గ్రహించారు. నికొలైడ్స్ బృందం నెలకొల్పిన ఫీటల్ మెడిసిన్ ఫౌండేషన్ వైద్యులకు శిక్షణ ఇచ్చి, వారు తీసిన చిత్రాలను పరిశీలించి ధ్రువపత్రం ఇస్తుంది. అక్కడితో వదిలిపెట్టదు. ఏటా వారి కొలతలను, చిత్రాలను మళ్లీ తెప్పించుకుని ఆడిట్ చేస్తుంది. అందులో నెగ్గితేనే ముప్పును లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ లైసెన్సు కొనసాగుతుంది. అమెరికాలో ఇదే అవసరంతో 2005లో ఎన్‌టీ నాణ్యతా సమీక్ష కార్యక్రమం ప్రారంభమైంది. రాత పరీక్ష, నిపుణుల చేత చిత్రాల పరిశీలన, ఆ తర్వాత కొలతలపై నిరంతర నిఘా అందులో భాగాలు. ఇంగ్లండ్ పద్ధతి మరీ సరళం. ప్రతి సోనోగ్రాఫర్ కొలతలను నిర్ణీత కాలానికోసారి గణాంక నిపుణులు పరిశీలించి ఆకుపచ్చ, కాషాయం, ఎరుపు రంగుల్లో ఒకటి కేటాయిస్తారు. ఎరుపు వచ్చినవారు తమ పద్ధతిని సరిదిద్దుకోవాలి.

ఈ పరిశీలన వెనుక సూత్రం బడిపిల్లలకు కూడా అర్థమయ్యేదే. ఒక వైద్యుడు వంద మంది గర్భిణులకు కొలత తీశాడనుకుందాం. శిశువుల పొడవును బట్టి ఉండవలసిన మధ్యస్థ విలువకు దాదాపు సగం కొలతలు పైన, సగం కింద ఉండాలి. ఎనభై కిందనే ఉంటే ఆ చెయ్యి తగ్గించి కొలుస్తున్నదని అర్థం. అన్నీ ఒకే అంకె చుట్టూ తిరుగుతుంటే అసలు కొలుస్తున్నారా, ఉజ్జాయింపుగా రాస్తున్నారా అని అనుమానించాలి. ఇందుకు ఎవరి గదిలోకీ చొరబడనక్కరలేదు, ఎవరి యంత్రాన్నీ సీజ్ చేయనక్కరలేదు.

మరి మన దగ్గర? 1994లో చేసిన చట్టాన్ని 2003లో సవరించి పీసీపీఎన్‌డీటీ చట్టంగా మార్చారు. దాని లక్ష్యం ఆడపిండాల హత్యను అరికట్టడం. ఆ లక్ష్యాన్ని తప్పుపట్టడానికి లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్ల లోపు బాలబాలికల్లో ప్రతి వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లలు 2001లో 961 మంది ఉండగా 2011 నాటికి 939కి పడిపోయారు. కాబట్టి కట్టుదిట్టం తప్పనిసరే. ఫారం-ఎఫ్‌లో లోపం ఉంటే నేరంగా పరిగణించే నిబంధనను 2019లో సుప్రీంకోర్టు సమర్థించింది కూడా. అయితే లింగ నిర్ధారణను ఆపడానికి నిర్మించిన యంత్రాంగాన్నే నాణ్యతకు కూడా పూచీగా భావించడం దగ్గరే చిక్కు వచ్చి పడింది.

నైపుణ్యం ఊసు ఎత్తిన సందర్భం ఒకటున్నది. 2014 జనవరిలో కేంద్రం శిక్షణ నిబంధనలు తెచ్చింది. ఎంబీబీఎస్ వైద్యులు స్కాన్ చేయాలంటే ఆరు నెలలపాటు 300 గంటల శిక్షణ పొంది, సామర్థ్య పరీక్షలో ఉత్తీర్ణులు కావాలన్నది దాని సారాంశం. అప్పటికే అనుభవం ఉన్నవారికి శిక్షణ నుంచి మినహాయింపు ఇచ్చినా పరీక్ష తప్పదన్నారు. 2016లో ఢిల్లీ హైకోర్టు శిక్షణ షరతును కొట్టివేయగా, 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలును నిలిపివేసింది. ఏదేమైనా అది ఒక్కసారి గట్టెక్కవలసిన గండమే తప్ప ఏటేటా చేతి పనితనాన్ని చూసే ఏర్పాటు కాదు. ఐదేళ్లకోసారి చేసే రెన్యువల్‌లో యంత్రం వివరాలు, స్థలం, వైద్యుడి అర్హత పత్రాలు చూస్తారు. ఆ ఐదేళ్లలో తీసిన చిత్రాల నాణ్యతను చూడమని ఎక్కడా లేదు. డ్రైవింగ్ లైసెన్సు ఉందా అని అడగడమే తప్ప, బండి ఎలా నడుపుతున్నాడో చూసేవారు లేరన్నమాట.

వైద్యుల వాదనలోనూ న్యాయం లేకపోలేదు. ఒక గడి ఖాళీగా వదిలితే కేసు, యంత్రం పక్క గదిలోకి మారిస్తే నోటీసు. ఇన్నింటి మధ్య మరో తనిఖీ అంటే ఎవరైనా బెదురుతారు. అందుకే నాణ్యతా సమీక్షను అధికారుల చేతిలో పెడితే అది మరో మామూళ్ల మార్గంగా మారే ప్రమాదం ఉన్నదన్న శంకను కొట్టివేయలేము. రేడియాలజిస్టుల, ప్రసూతి వైద్యుల సంఘాలే ఈ బాధ్యత తీసుకోవడం మేలు.

దీనికి కావలసిన సమాచారం ఇప్పటికే ఒకచోట పోగుపడుతున్నది. డబుల్ మార్కర్ పరీక్షకు రక్తం పంపేటప్పుడు నింపే పత్రంలో శిశువు పొడవు, ఎన్‌టీ కొలత, స్కాన్ తేదీ రాస్తారు. ఒక్కో కేంద్రం నుంచి వచ్చిన కొలతలు మధ్యస్థానికి ఎంత ఎడంగా ఉన్నాయో ల్యాబ్ లెక్కగట్టి ఆ వైద్యుడికే గోప్యంగా తెలియజేస్తే సగం పని పూర్తయినట్టే. తప్పు పట్టుకుని శిక్షించడం కాకుండా, తెలియజెప్పి దిద్దుకోనివ్వడం ఇంగ్లండ్ నేర్పిన పాఠం. నెలకు నాలుగైదు ఎన్‌టీ స్కాన్‌లు మాత్రమే చేసే కేంద్రాలను ఇలా అంకెలతో తూచలేము. వాటి చిత్రాలను నిపుణులు కళ్లతో చూడవలసిందే.

కొందరు కొత్త డీఎన్‌ఏ రక్తపరీక్ష వచ్చాక ఈ కొలతతో పనేమిటంటున్నారు. డౌన్ సిండ్రోమ్‌ను పసిగట్టడంలో అది మిన్న అన్నది నిజమే. అయితే దాని ఖర్చు కూలినాలి చేసుకునే కుటుంబాలకు అందేది కాదు. పైగా పుర్రె ఏర్పడకపోవడం, కవలలు ఒకే మాయను పంచుకోవడం వంటివి రక్తంలో కనబడవు, స్కాన్‌లోనే తెలుస్తాయి.

పల్లెల్లో సమస్య అంతకు ముందే మొదలవుతున్నది. చివరి నెలసరి తేదీ సరిగా గుర్తులేక, ఆలస్యంగా పేరు నమోదై, కేంద్రానికి చేరేసరికి 14 వారాలు దాటిపోతే ఈ పరీక్షకే అర్థం ఉండదు. 2022లో తెలంగాణ ప్రభుత్వాసుపత్రుల్లో టిఫా యంత్రాలు ప్రవేశపెట్టారు. కానీ ఆ స్కాన్ చేసేది ఐదో నెలలో. చట్టం 2021లో గడువును పెంచి కొన్ని వర్గాలకు 24 వారాల వరకు అవకాశం ఇచ్చినా, మూడో నెలలో తెలియడానికీ ఆరో నెలలో తెలియడానికీ తల్లి పడే వేదనలో తేడా ఎంతో ఉంది. ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు గర్భిణి పేరు నమోదు చేసినప్పుడే 12వ వారం తేదీని కార్డుపై రాసిస్తే ఆ గడువైనా దక్కుతుంది.

ఈలోగా గర్భిణులు, వారి బంధువులు రిపోర్టులో చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. "అంతా నార్మల్" అన్న ఒక్క మాట సరిపోదు. శిశువు పొడవు మి.మీ.లలో, ఎన్‌టీ కొలత దశాంశంతో సహా, ముక్కు ఎముక కనిపించిందీ లేనిదీ, కొలత గీతలు కనబడే చిత్రం, స్కాన్ చేసిన వైద్యుడి పేరు, సంతకం ఉండాలి. శిశువు భంగిమ కుదరక కొలత రాలేదని వైద్యుడు రాసి, గంట ఆగి రమ్మంటే లేదా మరోరోజు రమ్మంటే విసుక్కోవద్దు.