మొజార్ట్‌కి ఒక అక్క ఉండేది

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మనకో సామెత ఉంది. అయిదారేళ్ళ పాపో బాబో శ్రుతి తప్పకుండా ఒక కృతి పాడేస్తే విన్నవాళ్ళందరూ ఈ సామెతే చెప్తారు. పూర్వజన్మ సుకృతం అంటారు, సరస్వతీ కటాక్షం అంటారు. ఆ ఆశ్చర్యంతో నాకు పేచీ లేదు. ఇంత చిన్న గొంతులోకి, ఇంత చిన్న వేళ్ళలోకి అంత సంగీతం ఎలా వచ్చి చేరిందని నేనూ విస్తుపోతాను. నా ప్రశ్న ఆ తర్వాతి సంగతి గురించి. పుట్టగానే పరిమళించిన ఆడపిల్లలు పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి ఏమైపోతున్నారు? ఇది అడిగేవాళ్ళు చాలా తక్కువ.

బాలమేధావి అనగానే ప్రపంచమంతా తలుచుకునే పేరు మొజార్ట్‌ది. ఇప్పటి ఆస్ట్రియాలో ఉన్న సాల్జ్‌బర్గ్‌లో 1756లో పుట్టాడు. అయిదేళ్ళకే చిన్న చిన్న స్వరరచనలు చేశాడు. ఆయనకి ఒక అక్క ఉండేది. పేరు మరియా అన్నా, ఇంట్లో నానెర్ల్ అని పిలిచేవాళ్ళు. 1751లో పుట్టింది. తండ్రి లియోపోల్డ్ అక్కడి ఆర్చ్‌బిషప్ కొలువులో సంగీతకారుడు. కూతురికి ఏడేళ్ళప్పుడు హార్ప్సికార్డ్ నేర్పడం మొదలుపెట్టాడు. 1759లో ఆమె సాధన కోసం పాఠాలు రాసి ఒక పుస్తకం తయారుచేశాడు. అక్క వాయిస్తుంటే పక్కన చేరి విన్న తమ్ముడు ఆ పుస్తకంలోని పాఠాలే తనూ నేర్చుకున్నాడు. అతని మొట్టమొదటి రచనలు కొన్ని రాసిపెట్టింది కూడా ఆ పుస్తకంలోనే. అంటే ప్రపంచం నెత్తిన పెట్టుకున్న ఆ ప్రతిభకి మొదటి పలక అక్క పుస్తకం. చరిత్ర పుస్తకాల్లో ఇది ఒక చిన్న వివరంగా ఉండిపోయింది.

1763 నుంచి 1766 దాకా తండ్రి ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని మ్యూనిక్, పారిస్, లండన్, హేగ్ తిరిగాడు. రాజుల ముందూ రాణుల ముందూ ఇద్దరూ వాయించారు. పన్నెండేళ్ళ తన కూతురు యూరప్‌లోని అత్యంత నైపుణ్యం గల వాద్యకారుల్లో ఒకతని 1764లో ఆయనే ఉత్తరం రాశాడు. కూతురి విద్వత్తు తండ్రికి తెలియక కాదు, బాగా తెలుసు. తెలిసీ 1769 చివర్లో కొడుకుని ఒక్కడినే తీసుకుని ఇటలీకి బయల్దేరాడు. అప్పటికి నానెర్ల్‌కి పద్దెనిమిదేళ్ళు. ఆమె తల్లితో ఇంటి దగ్గర ఉండిపోయింది. ఇంట్లో కూర్చుని ఒక పాట రచించి పంపితే, ఇంత బాగా రాయగలవా అని తమ్ముడు 1770లో ఆశ్చర్యపోతూ జవాబు రాశాడు. ఆ పాట ఇప్పుడు లేదు. ఆమె రచించినదేదీ ఇవాళ దొరకదు. 1784లో, రెండుసార్లు భార్యలు పోయి అయిదుగురు పిల్లలున్న ఒక అధికారికిచ్చి పెళ్ళి చేశారు. సాల్జ్‌బర్గ్ వదిలి సాంక్ట్ గిల్గెన్ అనే చిన్న ఊరికి వెళ్ళింది. 1801లో భర్త పోయాక తిరిగి వచ్చి, పిల్లలకి సంగీతం పాఠాలు చెప్పుకుంటూ బతికింది. 1829లో చనిపోయింది.

షేక్‌స్పియర్‌కి అతనంత ప్రతిభ గల చెల్లెలు ఉండి ఉంటే ఏమయ్యేదని వర్జీనియా వూల్ఫ్ 1929లో ఊహించి రాసింది. మొజార్ట్ విషయంలో ఆ ఊహ అక్కర్లేదు. అక్క నిజంగానే ఉంది.

ఇక్కడ ఒక మాట అడుగుతారు. అవకాశం ఇచ్చి ఉంటే ఆమె మొజార్ట్ అయ్యేదా? నేను అవునని అనను. ప్రతిభ ఎక్కణ్ణించి వస్తుందన్నది శాస్త్రవేత్తలు కూడా ఇంకా తేల్చుకోలేదు. ఎరిక్సన్, ఆయన సహచరులు బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థుల్ని పరిశీలించి, అందరిలోకీ మిన్నగా వాయించేవాళ్ళు ఇరవయ్యేళ్ళు వచ్చేసరికి సగటున పదివేల గంటలకు పైగా సాధన చేశారని 1993లో ప్రకటించారు. అంతా సాధనలోనే ఉందని చాలామంది సంబరపడ్డారు. 2014లో స్వీడన్‌లో వేలమంది కవలల మీద చేసిన పరిశోధన, సాధన చేయాలన్న పట్టుదలలో సైతం పుట్టుకతో వచ్చే పాలు కొంత ఉందని చెప్పింది. కాబట్టి రహస్యం కొంత రహస్యంగానే ఉంది. కానీ ఇటలీ వెళ్ళే బండిలో ఒక్కరికే చోటు ఎందుకు దొరికిందన్నది మాత్రం రహస్యం కాదు. అది ఆ ఇంట్లో జరిగిన నిర్ణయం. విధి ఖాతాలోనో దేవుడి ఖాతాలోనో రాసేస్తే ఆ నిర్ణయం తీసుకున్నవాళ్ళని ఎవరూ అడగరు.

ఒక్క ఇంటి కథ అయితే ఇంత రాయనక్కర్లేదు. ఫాన్నీ మెండెల్సన్ 1805లో జర్మనీలో పుట్టింది. పదమూడేళ్ళ వయసులో బాఖ్ రచనలు ఇరవైనాలుగు చూడకుండా వాయించి వినిపించింది. 1820లో తండ్రి ఆమెకి ఉత్తరం రాశాడు. తమ్ముడు ఫీలిక్స్‌కి సంగీతం వృత్తి కావచ్చు, నీకు మాత్రం అది అలంకారంగానే ఉండాలన్నది దాని సారాంశం. ఆమె రాసిన పాటలు కొన్ని తమ్ముడి పేరుతో అచ్చయ్యాయి. 1842లో విక్టోరియా రాణి తనకిష్టమైన పాట అని ఒకటి పాడితే, అది మా అక్కది అని ఫీలిక్స్ ఒప్పుకోవలసి వచ్చింది. నలభై ఏళ్ళు దాటాక, 1846లో, ఆమె తన పేరుతో రచనలు అచ్చువేయించడం మొదలుపెట్టింది. మరుసటేడు మేలో చనిపోయింది. 1828లో ఆమె రాసిన ఒక సొనాటాను తమ్ముడిదే అనుకున్నారు. అది ఆమెదని 2010లో గానీ తేలలేదు.

అలంకారం అనే ఆ మాట మనకి ఎంత బాగా తెలుసో చూడండి. మన మధ్యతరగతి ఇళ్ళలో ఆడపిల్లకి సంగీతం చెప్పించేవాళ్ళు. సరళీ స్వరాలు, గీతాలు, వర్ణాలు, నాలుగు కృతులు. పెళ్ళిచూపుల్లో “ఒక పాట పాడమ్మా” అంటే పాడటానికి. పెళ్ళయ్యాక వీణ అటక ఎక్కేది. పొద్దున వంట, మధ్యాహ్నం పిల్లలు, సాయంత్రం అత్తమామలు, మధ్యలో సాధనకి గంట ఎక్కడుంది? ఆమెకి గొంతు పోయిందనేవాళ్ళు. పోయింది గొంతు కాదు, ఆ గంట. ఇవాళ పెళ్ళిచూపుల్లో పాట అడగడం తగ్గింది. ఆ పాట బదులు ఉద్యోగం అడుగుతున్నారు. ఉద్యోగం, ఇంటి చాకిరీ రెండూ నెత్తిన పడ్డ ఆడదానికి ఆ గంట మాత్రం ఇప్పటికీ దక్కలేదు.

ప్రతిభ వికసించిన చోట ఏముందో కూడా చూద్దాం. మాండొలిన్ శ్రీనివాస్ 1969లో పాలకొల్లులో పుట్టాడు. తండ్రి క్లారినెట్ వాయించేవాడు. ఇంట్లో మాండొలిన్ ఉంది, ఆరేళ్ళ పిల్లవాడు ముట్టుకుంటే కసిరినవాళ్ళు లేరు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి ఆ వాయిద్యం రాకపోయినా తను పాడుతూ శిష్యుడిచేత వాయించారు. అతను అసాధారణుడే, సందేహం లేదు. అదే ఇంట్లో ఆరేళ్ళ ఆడపిల్ల ఆ మాండొలిన్ పట్టుకుని ఉంటే ఇంతమంది ఇంతగా వెనక నిలబడేవారా?

ఆడపిల్ల వెనక అలా నిలబడిన ఇళ్ళు లేకపోలేదు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి తల్లి షణ్ముఖవడివు వైణికురాలు. పదేళ్ళ వయసులో, 1926లో, సుబ్బులక్ష్మి పాట గ్రామఫోను రికార్డుకెక్కింది. ఆమె పుట్టింది దేవదాసీ సంప్రదాయపు కుటుంబంలో. అక్కడ కూతురి విద్య ఇంటికి జీవనాధారం, అందుకే సాధన సాగింది. అయితే ఆ ఇళ్ళ స్త్రీలకి సంగీతం ఉన్నా సమాజం మర్యాద ఇవ్వలేదు. మర్యాద గల ఇళ్ళ స్త్రీలకి సంగీతం దక్కనివ్వలేదు. అదే సంప్రదాయం నుంచి వచ్చిన బెంగుళూరు నాగరత్నమ్మ 1920లలో తన సొమ్ము ఖర్చుపెట్టి తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి మందిరం కట్టించింది. అక్కడి ఆరాధనలో ఆడవాళ్ళు పాడకూడదన్నారు. స్త్రీలందర్నీ కూడగట్టి వేరుగా ఆరాధన జరిపి, ఆమె ఆ హక్కు సాధించింది. మద్రాసు సంగీత అకాడమీ ‘సంగీత కళానిధి’ బిరుదు ఒక స్త్రీకి మొదటిసారి ఇచ్చింది 1968లో, సుబ్బులక్ష్మికే.

పిల్లల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. మొజార్ట్ పిల్లల ఆ యాత్ర రాజమందిరాల్లోనే గడవలేదు. 1765లో లండన్‌లో ఒక సత్రంలో రోజూ డబ్బు పుచ్చుకుని వాళ్ళని వాయింపించాడు తండ్రి. అదే ఏడు హేగ్‌లో నానెర్ల్ విషజ్వరంతో చావు అంచుదాకా వెళ్ళింది. ఇవాళ టీవీ పాటల పోటీల్లో రంగులు పూసుకుని రాత్రి పొద్దుపోయేదాకా నిలబడే పిల్లల్ని చూస్తే నాకు ఆ సత్రమే గుర్తొస్తుంది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం కింద 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం బాల కళాకారులచేత రోజుకి అయిదు గంటలకు మించి పనిచేయించకూడదు. సంపాదనలో కనీసం అయిదో వంతు పిల్లల పేరనే బ్యాంకులో వేయాలి. చప్పట్లు కొట్టే మనం ఈ లెక్క అడుగుతున్నామా?

మనకి ఆధారాలు లేకపోలేదు. విశ్రాంతికీ, ఆటలకీ, కళల్లో పాల్గొనడానికీ పిల్లలకి హక్కుందని ఐక్యరాజ్యసమితి 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం చెప్తోంది. సాంస్కృతిక జీవితంలోని అన్ని రంగాల్లో స్త్రీలకి సమాన హక్కుండాలని, స్త్రీల మీద వివక్షను రూపుమాపే 1979 నాటి ఒడంబడిక 13వ అధికరణం చెప్తోంది. రెండింటినీ భారతదేశం ఆమోదించింది. మేధావులైతేనే అని వాటిలో ఎక్కడా లేదు.

నాకు అన్నిటికన్నా ముఖ్యమైన మాట అదే. మొజార్ట్ అంతటిదని రుజువు చేసుకుంటేనే ఆడపిల్లకి సాధన హక్కు అంటే అది హక్కు కాదు, బహుమానం. మగపిల్లవాడు మామూలుగా పాడినా ఎవరూ రుజువు అడగరు. మన ఇళ్ళలో అమ్మలు, అత్తలు, వదినెలు ఏం నేర్చుకున్నారో, ఎప్పుడు మానేశారో, ఎందుకు మానేశారో వాళ్ళనే అడిగి రాసి పంపించండి. వచ్చే సంచికల్లో అచ్చు వేస్తాం. ఆ రాయడంతో పాటే, మానేసినవాళ్ళకి ఆ గంట ఇవాళైనా ఇవ్వడానికి ఇంట్లో ఎవరెవరు ఏ పని పంచుకుంటారో కూడా తేల్చండి. అటక మీది వీణ దింపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.