కసువు ఎవరిది? నోటీసు ఎవరికి?

ఇప్పుడు బెలుం గుహలకు టిక్కెట్టు కొని పోతున్నాం. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే దొర దాని గురించి రాశాడు. 1982-83లో జర్మన్లు వచ్చి లోపలంతా కొలిచారు. అయినా 1988 దాకా అది చుట్టుపక్కల వాళ్లు కసువు పారబోసే గుంతే. తర్వాతే శుభ్రం చేశారు. 1999లో పర్యాటక సంస్థ చేతికొచ్చింది, 2002లో జనానికి తెరిచారు. సర్కారు తల్చుకుంటే పెంటగుంత కూడా చూడదగ్గ చోటవుతుందనడానికి మన కొలిమిగుండ్ల మండలమే సాక్ష్యం.

మరి మా గేరి పక్కనున్న దిబ్బ సంగతేంది?

నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణాలకు 1965 నాటి మునిసిపాలిటీల చట్టం ఉంది. ఖాళీ స్థలం కంపచెట్లతో, మురుగుతో నిండినా, గోడ కూలేట్టున్నా యజమానికి నోటీసివ్వాలి. అతను వినకపోతే మునిసిపాలిటీయే బాగుచేయించి ఆ ఖర్చు అతని దగ్గరే రాబట్టాలి. చట్టం బాగానే ఉంది. అమలు దగ్గరే కులం కూచుంది. రేటు పెరిగేదాకా ప్లాటును కంపకొదిలేసిన పెద్దమనిషి ఊళ్లో దొరకడు. గోడకంటించిన నోటీసు ఎండకెండి రాలిపోతుంది. కాలువే వేయని గేరిలో ముంగిట నీళ్లు నిలిస్తే మాత్రం అధికారి స్వయంగా వస్తాడు, "మీకు శుభ్రత తెలీదు" అంటాడు. తెల్లారకముందే ఊరంతా ఊడ్చేది ఎవరయ్యా? ఊరి మురుగు పల్లానికి పారుతుంది. ఆ పల్లంలోనే గదా మాకు ఇళ్లస్థలాలు చూపించింది!

2021లో పట్టణాల్లో చెత్తపన్ను వేశారు, 2024లో రద్దు చేశారు. పన్ను వచ్చింది, పోయింది. దిబ్బ మాత్రం ఉన్నచోటే ఉంది.

అందుకే మేం అడుగుతున్నాం:

ఒకటి, పాడుబడ్డ స్థలాల యజమానుల పేర్లు, ఇచ్చిన నోటీసులు, రాబట్టిన సొమ్ము వార్డువారీగా ఆఫీసు గోడమీద రాయాలి.

రెండు, కాలువ, కుళాయి, వీధిదీపం ఇవ్వని గేరికి నోటీసిచ్చే హక్కు ఎవరికీ లేదు. ముందు అవి ఇవ్వండి.

మూడు, ఊరి కసువు గేరి పక్కన పోయించడం ఆపాలి. పోసినవాడికే జరిమానా వేయాలి.

నాలుగు, ఎత్తే కార్మికులకు పర్మినెంటు ఉద్యోగం, చేతికి తొడుగు, కాలికి బూటు ఇవ్వాలి.

బడిపిల్లలను బెలుం చూపించడానికి తీసుకుపోయే అయ్యవార్లకు ఒక మాట. అది 1988 దాకా కసువుగుంతని పిల్లలకు చెప్పండి. తిరిగొచ్చాక వాళ్లను మీ ఊరి గేరి పక్కకు కూడా తీసుకుపోండి. ఆ దిబ్బలోని కసువు ఏ ఇళ్లనుంచి వచ్చిందో వాళ్లనే లెక్కగట్టమనండి. ఆ లెక్కతోనే మనం పంచాయతీకి, మునిసిపాలిటీకి అర్జీ పెడదాం.