మోటారు దీపములు, ఎదుటివారి కన్నులు

ఈ మాసము వంటయింటి సంగతులు విడిచి, వాకిట నిలిచిన మోటారు బండిని గూర్చి నాలుగు మాటలు వ్రాయ దలచితిమి. ఇది పురుషుల విషయము గదా యని సోదరీమణులు పుట త్రిప్పివేయవలదు. నేడు మనలో బండి నడపు స్త్రీలు పలువురు కలరు. నడపనివారును బిడ్డలను ఒడిలో నిడుకొని వెనుక సీటున రాత్రి ప్రయాణములు చేయుచునే యున్నారు. ఇక బండి యెన్నడు నెక్కక, దాని కెదురుగా త్రోవ ప్రక్కను నడచి వచ్చు స్త్రీలును కలరు. మేము వ్రాయునది ముఖ్యముగా వారిని గూర్చియే.

అనంతపురపు మెట్టసీమ సంగతి మన పాఠకురాండ్రకు క్రొత్త కాదు. సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్ల వాన; అదియును నమ్మరానిది. ఎఱ్ఱమట్టి, గాలి, వేరుశనగ చేలు, గొఱ్ఱెల మందలు. ఈ భూమి నడుమనుండి 44వ జాతీయ రహదారి గుత్తి, అనంతపురము, పెనుకొండల మీదుగా బెంగుళూరునకు పోవుచున్నది. వేరుశనగ పీకు దినములలో, అనగా అక్టోబరు, నవంబరు మాసములలో, ప్రొద్దు త్వరగా క్రుంకును. అప్పుడు కూలిపని ముగించి సద్దిగిన్నెలు చేతబట్టి యింటికి మరలు స్త్రీలును, మందను తోలుకొని వచ్చు కాపరులును, వెనుక దీపమే లేని ట్రాక్టరు ట్రాలీలును ఒక్కమాఱుగా దారిపై చేరుదురు. పల్లెదారులలో దీపస్తంభములు ఊరు దాటిన పిదప కానరావు.

ఇట్టి దారిలో బండి నడపువారికి వెలుగు చాలలేదని తోచుట సహజమే. వెంటనే పట్టణమున దుకాణమునకు పోయి, కంపెనీవారు పెట్టిన పసుపుపచ్చని బల్బులను తీయించి, పాలవలె తెల్లనైన ఎల్.ఇ.డి. బల్బులను పెట్టించుకొందురు. పని పావుగంటలో ముగియును. యజమాని సంతోషించును. అయితే వెలుగు చాలకపోవుటకు కారణము బల్బేనా యని విచారించువారు అరుదు.

లాంతరు వాడిన మన పెద్దల కీ సంగతి చక్కగా తెలియును. చిమ్నీ మసిబారినప్పుడు వత్తి పెంచినచో మసి హెచ్చును గాని వెలుగు హెచ్చదు. మొదట బూడిదతో చిమ్నీ తోమవలెను. మోటారు దీపమునకు ముందున్న మూత నేడు గాజు కాదు, పాలికార్బొనేటు అను ఒకవిధమైన ప్లాస్టిక్కు. సంవత్సరముల తరబడి మన సీమ యెండకు దానిపై పూత చెడి పచ్చబారును. ఇసుకగాలికి సన్నని గీతలు పడి మసకబారును. 2018లో అమెరికా దేశపు ఆటోమొబైల్ అసోసియేషను వారు పరీక్షింపగా, అట్లు చెడిన దీపములనుండి క్రొత్తవాని వెలుగులో అయిదవ వంతు మాత్రమే వెలువడినదట. తక్కిన నాలుగు వంతులు మూతయే మ్రింగివేయుచున్నది. ఇక బల్బు నని ఏమి లాభము?

దీనికి చికిత్స సులభము. నీటితో రుద్దెడి సన్నని ఎమరీ కాగితముతో, పిదప దానికంటె సన్ననిదానితో రుద్ది, మెఱుగు పెట్టించి, ఎండనుండి కాపాడు పూత వేయించవలెను. ఆ కడపటి పూత మానరాదు. మానినచో కొలది నెలలలోనే మరల పచ్చబారును. పండ్లపొడితోను, టూత్‌పేస్టుతోను తోమి మెఱపించుట కొందఱు చేయుచున్నారు. ఆ మెఱుగు నాలుగు నాళ్ల ముచ్చట.

ఇక ఆ తెల్లని బల్బు చేయు కీడు వివరింతుము. చాల బండ్లలో హెచ్ 4 అను హాలొజెను బల్బు ఉండును. ఇది 1971 ప్రాంతమున వాడుకలోనికి వచ్చినది. అందులో రెండు తీగలు కలవు: ఒకటి 60 వాట్లది, దూరపు వెలుగునకు, మఱియొకటి 55 వాట్లది, డ్రైవరులు డిమ్ము అను క్రింది వెలుగునకు. ఆ రెండవ తీగ క్రింద ఉగ్గుగిన్నె వంటి చిన్న లోహపు దొప్ప యొకటి పట్టియుండును. దానివలన వెలుగు పైవైపునకే పోయి, అద్దపు గిన్నె పై సగమున తగిలి, దారిమీదికి వంగును. ఎదుటివారి కన్నులలో పడవలసిన వెలుగును ఆపునది ఆ దొప్పయే. తీగ ఒక్క మిల్లీమీటరు జరిగినను ఈ యేర్పాటు చెడును. గిన్నె యంతయు ఆ సన్నని తీగకు కొలతవేసి చేసినది గదా! ఎల్.ఇ.డి. బల్బులో తీగ లేదు. బద్దకు రెండు ప్రక్కల అతికిన బిళ్లలు కలవు. వాని ఆకారము వేఱు, వెలుగు వెడలు దిక్కు వేఱు. కావున వెలుగు గీత దాటి పైకి చిమ్మును. నడపువానికిని మేలు కలుగుట లేదు. బండి ముందఱి పది గజములు సున్నము చల్లినట్లు తెల్లబడుటచే కంటిపాప ముడుచుకొని, దూరమందలి గొఱ్ఱెపిల్ల కానరాకుండ పోవును.

ఎదుటనున్న స్త్రీకి కలుగునది ఇంకను ఘోరము. ఒక్క క్షణము లోకమంతయు తెలుపు, పిదప అంతయు నలుపు. దారి అంచెక్కడనో, గుంట యెక్కడనో తెలియక, చేయి అడ్డము పెట్టుకొని నిలిచిపోవు ముసలివారిని మేము చూచితిమి. కంటిలో పొర ప్రారంభించినవారికి ఈ మిరుమిట్లు మఱింత హెచ్చు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములలో 106వ నియమము దీనినే చెప్పుచున్నది. దీపమునకు 8 మీటర్ల దూరమున, కుడిప్రక్కగా అర మీటరున, నేలనుండి మీటరున్నర యెత్తున కన్నులున్న మనుష్యునికి మిరుమిట్లు కలుగరాదట. మీటరున్నర యనగా, నిలుచున్న మన సీమ స్త్రీ కన్నుల యెత్తునకు దాదాపు సరిపోవుచున్నది! బెంగుళూరు పోవువారు మఱియొకటి తెలిసికొనవలెను: 2024 జూలైలో కర్ణాటక పోలీసులు కన్నులు చెదరజేయు ఇట్టి దీపములపై రాష్ట్రమంతట కేసులు పెట్టిరి.

ఎల్.ఇ.డి. దీపము చెడ్డదని మా యభిప్రాయము కాదు. పెనుకొండ చెంత ఎఱ్ఱమంచిలో 2019నుండి బండ్లు చేయుచున్న కియా కర్మాగారమునుండి ఎల్.ఇ.డి. దీపములతోనే పుట్టిన బండ్లు వెలువడుచున్నవి. వానికి గిన్నెయు, కటకమును ఆ వెలుగునకు తగినట్లు చేయబడినవి. చిక్కంతయు ఒకదాని గిన్నెలో ఇంకొకదానిని దూర్చుటలో నున్నది. జర్మనీ దేశమున 2020లో ఆస్రామ్ కంపెనీవారి యిట్టి బల్బునకు తొలిసారిగా అనుమతి నిచ్చిరి; అదియును ఏ బండి నమూనాకు ఆ నమూనా వేఱుగా పరీక్షించి, పేరు చెప్పి ఇచ్చినదే గాని అన్నిటికిని కాదు. మన దుకాణములలో అట్టి పరీక్ష యెక్కడిది? పైగా ఆ బల్బుల వెనుక చల్లార్చు చిన్న పంకా యుండును. అది పట్టుటకై వెనుక రబ్బరు మూతను కోయుదురు. మన ఎఱ్ఱధూళి ఊరకుండునా?

మఱికొందఱు 100/90 వాట్ల హాలొజెను బల్బులు పెట్టింతురు. అది ఇంకను అపాయము. రెండు దీపములకు కలిపి 10 ఆంపియర్ల విద్యుత్తు పోవలసిన తీగలలో సుమారు 17 ఆంపియర్లు పోవును. హోల్డరు కరగును, గిన్నె లోపలి మెఱుగు మాడును.

పాత బండిలో వెలుగు నిజముగా తగ్గినదని తోచినచో, తీగలను చూపించుట మేలు. బల్బునకు చేరు వోల్టేజి నూటికి 5 వంతులు తగ్గిన, వెలుగు సుమారు 16 వంతులు తగ్గును. బ్యాటరీనుండి నేరుగా, ఫ్యూజుతో, రిలే పెట్టించి తీగ వేయించినచో అదే 60/55 బల్బు క్రొత్తదానివలె వెలుగును. బల్బు మార్చవలసి వచ్చినప్పుడు అంతే వాట్లది, మంచి కంపెనీది కొనవలెను. దాని గాజును వ్రేళ్లతో ముట్టరాదు. తలనూనె అంటిన చేయి తగిలినచో ఆ చోట వేడి హెచ్చి త్వరలో పోవును.

దీపము వంపును ఇంటనే చూచుకొనవచ్చును. సమమైన నేలమీద గోడకు 10 మీటర్ల దూరమున బండి నిలిపి, దీపము నడిమి యెత్తున గోడమీద సుద్దతో గీత గీయవలెను. డిమ్ము వెలుగు పై అంచు ఆ గీతకు 10, 15 సెంటీమీటర్లు క్రిందుగా పడవలెను. ఎడమ ప్రక్కను మాత్రము కొంచెము పైకి లేచును, అది దోషము కాదు. చాల బండ్లలో స్టీరింగు చెంత 0 నుండి 3 వఱకు అంకెలున్న చిన్న చక్రముండును. పుట్టింటినుండి బియ్యపు మూటలు, నూనె డబ్బాలు వెనుక వేసికొని, నలుగురు పిల్లలతో వచ్చునప్పుడు బండి వెనుక క్రుంగి దీపము ఆకాశమును చూచును. అప్పుడా చక్రమును 2 దగ్గఱకో 3 దగ్గఱకో త్రిప్పవలెను. ఈ పని వెనుక కూర్చున్నవారు జ్ఞాపకము చేయుట మంచిది. నడపువారికి తఱచు గుర్తుండదు.

వెనుక దీపములను మార్చువారును కలరు. ఎఱ్ఱని మూత లోపల తెల్లని ఎల్.ఇ.డి. పెట్టినచో ఎఱుపు పాలిపోవును. మలుపు దీపమున 21 వాట్ల బల్బు తీసి ఎల్.ఇ.డి. పెట్టినచో, విద్యుత్తు తక్కువ పోవుటచే బల్బు మాడినదని బండి భ్రమించి దీపమును వడివడిగా కొట్టించును. ఇంట ట్రాక్టరున్నవారు, ఈ తెల్ల బల్బులకు పెట్టు సొమ్ములో కొంత తీసి, ట్రాలీ వెనుక చెక్కకు రెండు అంచులను ఎఱ్ఱని రిఫ్లెక్టరు పట్టీ అతికింపవలెను. వేరుశనగ కాయలు ఇల్లు చేరుటకు ముందే ఆ పని చేయించుడు.