పంటి కింద రాయి, జేబుకి 14,000 చిల్లు

పోయిన డిసెంబర్‌లో ఓ రాత్రి. పీజీలో టమాటా పప్పు, అన్నం. ఫోన్‌లో మ్యాచ్ చూస్తూ తింటున్నా. పటుక్కుమంది. రాయి అనుకుని తీసి కంచం అంచున పెట్టా. కాసేపటికి నాలుక ఎడమవైపు కింది దవడ దగ్గరికి పోతే ఏదో గరుగ్గా, పదునుగా తగిలింది. కంచంలోకి చూస్తే రెండున్నాయి. నల్లగా ఓ రాయి, తెల్లగా ఓ ముక్క. తెల్లది నాదే.

ఈ కాలమ్‌లో మామూలుగా జీతాలు, ఫోన్లు, ఈఎంఐల గోల ఉంటుంది. ఈ వారం పన్ను. అయినా డబ్బు గోల మాత్రం తప్పదు.

ఆ రాత్రి నొప్పి లేదు. అదే నా కొంప ముంచింది. ఆఫీసులో చిన్న బగ్‌ని "వచ్చే స్ప్రింట్‌లో చూద్దాంలే" అని పక్కకి తోసేస్తాం చూడండి, అలాగే దీన్నీ తోసేశా. చల్లనీళ్లు తాగితే జివ్వుమనేది. సరే అని కుడివైపు నమలడం అలవాటు చేసుకున్నా. నాలుగు నెలలు గడిచాయి. ఏప్రిల్‌లో ఓ రోజు రాత్రి 2 గంటలకి ఆ పన్ను నన్ను లేపి కూర్చోబెట్టింది. పన్ను, చెవి, తల ఒకేసారి కొట్టుకుంటున్నాయి. రూమ్మేట్ లవంగ నూనె అన్నాడు. ఇంకొకడు ఆస్పిరిన్ బిళ్ల నూరి పంటి పక్కన పెట్టుకోమన్నాడు. ఈ రెండోది మాత్రం ఎవరు చెప్పినా చేయకండి, చిగురు కాలుతుంది. మింగాల్సిన మాత్ర మింగడానికే.

పొద్దున్నే దగ్గర్లో ఉన్న పళ్ల డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తా. ఎక్స్‌రే తీసి, స్క్రీన్ నా వైపు తిప్పి, పెన్నుతో చూపించింది. నాకు అర్థమైంది నా భాషలో చెప్తా.

పన్ను మన చార్జింగ్ కేబుల్ లాంటిది. పైన గట్టి తొడుగు, అది ఎనామిల్. ఒంట్లో ఎముక కన్నా గట్టిది అదే, కానీ ప్రాణం లేదు. విరిగితే మళ్లీ పెరగదు. దాని కింద డెంటిన్. అది బయటపడితే చల్లటిదీ తియ్యటిదీ తగిలినప్పుడల్లా జివ్వుమంటుంది. లోపల నరం, రక్తనాళాలు ఉండే మెత్తటి భాగం పల్ప్. "పన్ను విరిగితే ఎంతవుతుంది?" అని అడిగితే ఏ డాక్టరూ ఫోన్‌లో చెప్పలేకపోవడానికి కారణం ఇదే. ఎంత ముక్క పోయిందన్నది కాదు లెక్క, పగులు ఎంత లోతుకి దిగిందన్నది.

పైతొడుగు వరకే చిట్లితే అంచు నున్నగా అరగదీసి వదిలేస్తారు, లేదంటే పంటి రంగు కాంపోజిట్ పెట్టి సరిచేస్తారు. నాకు హైదరాబాద్‌లో చెప్పిన రేట్లలో ఇది 500 నుంచి 2,500 లోపు. డెంటిన్ దాకా పోతే ఫిల్లింగ్. నమిలే పన్నుకి ఓ మూల మొత్తం ఊడిపోతే క్యాప్ కూడా అవసరం కావచ్చు. పల్ప్ దాకా పోతే మామూలుగా రూట్ కెనాల్, ఆ పైన క్యాప్. పగులు నిలువుగా వేరు దాకా చీల్చేస్తే మాత్రం ఎంత డబ్బున్నా ఆ పన్ను నిలవదు, తీయాల్సిందే. ఇంకో రకం ఉంది, కనపడని పగులు. కొరికినప్పుడు కాకుండా, కొరికి వదిలినప్పుడు చురుక్కుమంటే అనుమానించండి. అద్దంలో ఏమీ కనిపించదు. ఎక్స్‌రేలో కూడా చాలాసార్లు దొరకదు.

"డిసెంబర్‌లోనే వచ్చుంటే?" అని అడిగా. అడగకుండా ఉండాల్సింది. "అప్పటికి డెంటిన్ వరకే ఉండుంటుంది. రెండు వేలల్లో అయిపోయేది" అంది డాక్టరమ్మ, చాలా మామూలుగా. ఈ నాలుగు నెలల్లో ఆ సందులోంచి బ్యాక్టీరియా లోపలికి దిగి నరం దాకా వెళ్లింది. యాంటీబయాటిక్ రాసివ్వండి, తగ్గిపోతుందేమో అన్నా. లోపల పల్ప్ పాడైపోయాక దాన్ని శుభ్రం చేయకుండా మాత్రలు మింగితే పన్ను బాగుపడదని చెప్పింది. మెడికల్ షాపులో అడిగి కొనుక్కుని మింగే అలవాటున్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

నేను ఇంజనీర్‌ని కదా, మూడు కొటేషన్లు తీసుకోకపోతే నిద్రపట్టదు. మొదటి క్లినిక్‌లో రూట్ కెనాల్ 6,500, క్యాప్ 5,000. రెండో చోట "టోటల్ ప్యాకేజీ 9,000" అన్నారు. చవగ్గా ఉందే అనుకుని విడివిడిగా అడిగితే క్యాప్ అందులో లేదు! ఎక్స్‌రేలు లేవు, విరిగిన పన్నుని క్యాప్ కింద మళ్లీ కట్టే బిల్డప్ కూడా లేదు. అన్నీ కలిపితే మొదటి చోటు కన్నా ఎక్కువే. కాబట్టి రేటు అడిగినప్పుడు ఒకటే మాట అడగండి: "నేను మామూలుగా నమిలి తినే రోజు వరకు మొత్తం ఎంత?"

మూడో చోట పెద్ద షోరూమ్‌లా ఉంది. ఐదు నిమిషాల్లో తేల్చేశారు. పీకేసి ఇంప్లాంట్ వేద్దాం, 40,000, నో కాస్ట్ ఈఎంఐ. దవడ ఎముకలోకి టైటానియం స్క్రూ దించి, అది ఎముకతో అతుక్కోవడానికి కొన్ని నెలలు ఆగి, దానిపైన పన్ను బిగిస్తారు. మంచి చికిత్సే, అనుమానం లేదు. కానీ అది పన్ను లేనివాళ్లకి. నా పన్ను ఇంకా నోట్లోనే ఉంది. "దీన్ని ఎందుకు నిలబెట్టలేం? పగులు వేరు దాకా వెళ్లిందా? ఎక్స్‌రేలో చూపిస్తారా?" అని అడిగా. సూటిగా జవాబు రాలేదు, ఈఎంఐ కాగితం మాత్రం వచ్చింది. లేచి వచ్చేశా. పీకమన్న ప్రతి డాక్టరూ మోసం చేస్తున్నాడని కాదు. పీకడమే సరైన పని అయ్యే పళ్లు బోలెడుంటాయి. కారణం చూపించమని అడిగే హక్కు మనకుంది, అంతే.

మొదటి డాక్టరమ్మ దగ్గరే చేయించుకున్నా. ఫీజు 300, ఎక్స్‌రేలు 300, రూట్ కెనాల్ 6,500, బిల్డప్ 1,500, క్యాప్ 5,000, మందులు 400. మొత్తం 14,000. రూట్ కెనాల్ అంటే భయపడతారు గానీ మత్తు ఇంజెక్షన్ గుచ్చినప్పుడు తప్ప నాకు నొప్పి తెలీలేదు. గంట సేపు నోరు తెరిచి ఉంచడమే కష్టం.

క్యాప్ గురించి ఓ మాట. పూర్తి మెటల్‌ది చవక, గట్టిది, దానికోసం పన్నుని తక్కువ అరగదీస్తే చాలు. నవ్వితే వెండి పన్నులా కనిపిస్తుందని వద్దన్నా. అది వైద్యం కాదు, నా షోకు. మెటల్ మీద పింగాణీ వేసింది తీసుకున్నా. జిర్కోనియా అయితే 8,000 నుంచి 15,000 వరకు చెప్పారు, పదేళ్లు పదిహేనేళ్లు వారంటీ కార్డు కూడా ఇస్తారట. ఆ వారంటీ క్యాప్‌కి, కింద ఉన్న పన్నుకి కాదు. బ్రష్ మానేస్తే క్యాప్ అంచు కింద పన్ను పుచ్చుతుంది, కార్డు భద్రంగా బీరువాలో ఉంటుంది. అన్నిటికన్నా పెద్ద పొరపాటు, నొప్పి పోయింది కదా అని క్యాప్ దగ్గర డబ్బు మిగుల్చుకోవడం. రూట్ కెనాల్ చేసిన దవడ పన్ను లోపల డొల్లగా ఉంటుంది. తొడుగు లేకుండా నమిలితే ఓ రోజు రెండుగా చీలుతుంది, పెట్టిన 6,500 కూడా పోతుంది.

ఇన్సూరెన్స్ సంగతి అడుగుతారని తెలుసు. ఆఫీసు పాలసీ పీడీఎఫ్ మొత్తం చదివా. పంటి చికిత్స వర్తించదు, ప్రమాదం వల్ల అయితే తప్ప. అన్నంలో రాయి ప్రమాదమే కదా అని హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేసి వాదించా. "హాస్పిటల్లో అడ్మిట్ అయ్యారా సార్?" అన్నాడు. పప్పన్నం తిని అడ్మిట్ ఎలా అవుతాం! చాలా పాలసీల్లో పరిస్థితి ఇంతే. ఓపీడీ కవర్ ఉన్నదైతే కొంత వస్తుంది, మీ పాలసీ ఓసారి తెరిచి చూసుకోండి.

బండి మీంచి పడో, క్రికెట్ బంతి తగిలో ముందు పన్ను వేరుతో సహా ఊడొస్తే మాత్రం ఇవేవీ ఆలోచించే టైమ్ లేదు. తెల్లటి భాగం పట్టుకోండి, వేరు ముట్టుకోవద్దు, రుద్దొద్దు. మట్టి అంటితే ఒక్కసారి నీళ్లతో కడిగి, వీలైతే ఆ గుంతలోనే పెట్టేసి గుడ్డ కొరికి పట్టుకోండి. కుదరకపోతే చల్లటి పాలల్లో వేయండి. పాల ప్యాకెట్ ఏ సందులోనైనా దొరుకుతుంది. టిష్యూలో చుట్టొద్దు. అరగంట, మహా అయితే గంటలో డాక్టర్ దగ్గరుంటే అది మళ్లీ నిలబడే అవకాశం బాగా ఉంటుంది. చిన్నపిల్లల పాలపళ్లయితే మాత్రం గుంతలో తిరిగి పెట్టకూడదు.

బిల్లు సంగతి ఫోన్‌లో నాన్నకి చెప్పా. మాది సూర్యాపేట దగ్గర, నాన్నది కిరాణా కొట్టు.

"ఏంది, పంటికి పద్నాలుగు వేలా? నేను మూడొందలకు పీకించుకున్న గదరా" అన్నాడు.

నిజమే. నేను ఇంటర్‌లో ఉండగా కుడివైపు కింది దవడ పన్ను విరిగితే నాన్న పీకించుకున్నాడు. అప్పుడు కాలేజీ ఫీజు కట్టాలి. మూడు వందల్లో పోయేదానికి వేలు పెట్టే ఆలోచనే ఆయనకి రాలేదు, మేమూ అడగలేదు. ఇప్పుడు ఎడమవైపు పై పన్ను సగం విరిగింది, అదీ తీయించుకుంటానని అదే ఫోన్‌లో చెప్పాడు. లెక్క వేసుకుంటే గుండె గుభేలుమంది. పన్నెండేళ్లుగా ఎడమవైపే నములుతున్న మనిషి. అదీ పోతే ఇంక దేనితో తింటాడు?

అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా దగ్గర ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, అక్కడికి తీసుకెళ్లా. ఆంధ్రలో విజయవాడ, కడపలో ఇలాంటివే ఉన్నాయి. చదువుకునే డాక్టర్లు, వాళ్ల పక్కన ప్రొఫెసర్లు. ఖర్చు నామమాత్రం, కానీ ఓపిక కావాలి. పొద్దున్నే వెళ్లాలి, ఒక్క రోజులో పని తెమలదు. ప్రైవేటు డెంటల్ కాలేజీల్లో కూడా క్లినిక్‌ల కన్నా బాగా తక్కువకే చేస్తారు.

పీజీ చదివే అమ్మాయి ఎక్స్‌రే చూసి, విరిగిన పన్ను వేరు గట్టిగా ఉంది, నిలబెట్టొచ్చంది. తర్వాత కుడివైపు ఖాళీ చూపించింది. అక్కడ నాకు తెలియని విషయం తెలిసింది. పన్ను తీసిన చోటు అలాగే ఉండిపోదు. వెనక పన్ను ముందుకి ఒరిగింది, పై పన్ను ఆ ఖాళీలోకి కిందికి జారింది. అప్పుడే కట్టించుకుని ఉంటే సులువయ్యేది. ఇప్పుడు బ్రిడ్జ్ వేయాలంటే అటూ ఇటూ ఉన్న రెండు పళ్లు అరగదీసి మూడు క్యాప్‌ల పని, బయట కనీసం 15,000. ఇంప్లాంట్ అయితే ముందు షుగర్ అదుపులోకి రావాలి. తీసి పెట్టుకునే కట్టుడు పన్ను అయితే రెండు మూడు వేలల్లో వస్తుంది, కానీ రాత్రి తీయాలి, కడగాలి, నమలడంలో సొంత పన్ను అంత బలం ఉండదు. మూడు వందలకి పీకించుకున్న పన్ను ధర ఇదన్నమాట.

నాన్న ఇదంతా విని ఒకటే అడిగాడు. "మళ్ల ఎన్నిసార్లు రావాలె అమ్మా?"

"నాలుగుసార్లు అంకుల్."

నాలుగుసార్లూ వచ్చాడు. తెల్లవారుజామున కొట్టు అమ్మకి అప్పజెప్పి బస్సెక్కేవాడు. క్యాప్‌కి విడిగా కట్టింది పక్కనపెడితే బస్సు చార్జీలే ఎక్కువ అయ్యాయి. కుడివైపు ఖాళీ సంగతి ఇంకా తేలలేదు. షుగర్ తగ్గాక చూద్దాం అంటాడు, మూడు నెలల తర్వాత టెస్టు ఉంది.

క్యాప్ పెట్టిన రోజు మధ్యాహ్నం నా పీజీకే వచ్చి భోజనానికి కూర్చున్నాడు. ఆరోజూ టమాటా పప్పే. కంచంలో అన్నాన్ని వేళ్లతో విడదీసి, లైటు వెలుతురుకి ఇటూ అటూ తిప్పి చూశాడు. రాళ్లేమీ లేవని ఖాయం చేసుకున్నాక నా కంచం కూడా తన వైపు లాక్కున్నాడు.