కపిల పాటకు ఊరూ పేరూ

1963లో టామ్ హాస్కిన్స్ అనే అమెరికా యువకుడు ఒక పాత రికార్డింగు వింటుంటే, పాడేవాడు తన ఊరు అవలాన్ అని చెప్పుకోవడం చెవిన పడింది. పాత అట్లాసులో ఆ పేరు వెతికి పట్టుకుని మిసిసిపీ రాష్ట్రంలోని ఆ పల్లెకు వెళ్లాడు. రికార్డు 1928 నాటిది. పాడిన జాన్ హర్ట్ అక్కడే ఉన్నాడు, పొలం పనులు చేసుకుంటూ. ఆ వేసవిలోనే న్యూపోర్ట్ జానపద సంగీత ఉత్సవంలో వేలమంది ఆయన్ను విన్నారు. 1966లో కన్నుమూసేలోగా మళ్లీ రికార్డులు కూడా ఇచ్చాడు. పాటలో ఊరి పేరు ఉండబట్టి మనిషి దొరికాడు. ఇది చదివినప్పుడల్లా నాకు మదనపల్లె, పుంగనూరు చుట్టుపక్కల పూడిపోయిన కపిల బావులే మనసులో మెదులుతాయి.

జాన్ హర్ట్ పాడిన బ్లూస్ పత్తి చేలల్లో పుట్టిన సంగీతం. బానిసత్వం చట్టంలో పోయినా అప్పుల్లో, కౌలులో మిగిలిపోయింది. ఆ బతుకు బతికిన నల్లజాతి కూలీలు పనిలో వేసుకున్న కేకలు, చర్చిలో పాడుకున్న పాటలు కలిసి 20వ శతాబ్దం మొదట్లో దానికి ఒక రూపు తెచ్చాయి. ఒక చరణం పాడి, దాన్నే మళ్లీ పాడి, మూడో చరణంలో జవాబు చెప్పడం అందులో ఎక్కువగా వినిపించే తీరు. గొంతు ఆగినచోట గిటారు వంత పాడుతుంది. 1920లో మేమీ స్మిత్ రికార్డు విపరీతంగా అమ్ముడుపోయాక కంపెనీలు పల్లెటూరి గాయకుల కోసం వెతుకులాట మొదలుపెట్టాయి. అది వ్యాపారమే, గాయకులకు దక్కింది కూడా తక్కువే. అయినా గొంతు నిలిచింది, దాని మీద పేరు నిలిచింది.

కపిల అంటే ఈ తరానికి చెప్పాల్సి వస్తోంది. ఎద్దులతో బావి నీళ్లు తోడే ఏర్పాటు అది: ఎద్దుల జత, మోకు, తోలు తొండం కట్టిన బాన. ఎద్దులు వాలులో దిగితే బాన పైకొస్తుంది, వెనక్కి నడిస్తే బావిలోకి పోతుంది. తెల్లవారుజాము నుంచి పొద్దెక్కేదాకా అదే పని. తోలేవాడు మోకు మీద కూర్చుని పాట ఎత్తుకునేవాడు. బరువు లాగుతూ దిగేటప్పుడు ఎద్దులది ఒక నడక, వట్టిగా వెనక్కి ఎక్కేటప్పుడు ఇంకో నడక. పాట రెండింటికీ ఒదగాలి. నడుమ తీసే దీర్ఘం, ఎద్దును పేరు పెట్టి అదిలించడం, బాన కాలవలోకి కుమ్మరించేంతసేపు ఆగడం, అన్నీ పాటలో భాగమే. మాటలు మాత్రమే రాసుకుంటే అందులో సగం కూడా దక్కదు. ఆయిల్ ఇంజన్లు, వాటి వెనకే కరెంటు మోటార్లు వచ్చాయి, కపిల ఆగింది. ఇప్పుడు వెయ్యి అడుగులు దాటిన బోర్లున్నాయి. ఎద్దుల మీద నుంచి, మనిషి మీద నుంచి ఆ బరువు దిగినందుకు సంతోషమే. పాట ఎందుకు పోవాలి?

పని పోతే పాట పోవడం సహజమే కదా అంటారు. నేను ఒప్పుకోను. మిసిసిపీలోనూ పని పోయింది. 1944లో క్లార్క్స్‌డేల్ దగ్గర హాప్సన్ వారి పొలాల్లో పత్తి ఏరే యంత్రాలను జనం ముందు నడిపి చూపించారు. కూలీలు రైలెక్కి షికాగో పోయారు. బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ 1943లోనే వెళ్లాడు. దానికి రెండేళ్ల ముందు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తరఫున అలన్ లోమాక్స్ ఆయన పనిచేసే చోటికే వచ్చి పాట రికార్డు చేసుకున్నాడు. తన గొంతు తాను విన్నాకే పాడగలనన్న నమ్మకం కుదిరిందని మడ్డీ వాటర్స్ తర్వాత చెప్పుకున్నాడు. షికాగో గోలలో వినబడటానికి గిటారుకు కరెంటు తగిలించాడు. అక్కడ కరెంటు పాట గొంతు పెంచింది, ఇక్కడ కరెంటు వచ్చి పాట ఆగింది. ఆ కరెంటు బ్లూసే లండన్ కుర్రవాళ్లను పట్టుకుంది. రోలింగ్ స్టోన్స్ బృందం తన పేరే మడ్డీ వాటర్స్ పాటలోంచి తీసుకుంది. షిల్లాంగ్‌లో సోల్‌మేట్ బృందం అదే సంగీతాన్ని ఎత్తుకుంది. ముంబయిలో 2011లో మహీంద్రా బ్లూస్ ఉత్సవం మొదలైంది.

మనవాళ్లూ రైలెక్కారు. తెల్లవారి కుప్పం స్టేషన్లో బెంగళూరు బండి కోసం నిలబడేవాళ్లను చూస్తే తెలుస్తుంది. పాట మాత్రం వెంట పోలేదు. వాళ్లకు చేతకాక కాదు. దానికి విలువుందని చెప్పినవాళ్లు లేరు, సినిమా పాట అప్పటికే ఊరంతా ఆక్రమించింది. ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని దాటేసి మాట్లాడితే అబద్ధమవుతుంది. ఈ పాటలు పాడినవాళ్లలో ఎక్కువమంది ఏ కులాలవాళ్లో, ఏ వాడల్లో ఉన్నారో మనకు తెలుసు. గంగమ్మ జాతరలో పలక మోగనిదే అడుగు పడదు. జాతర మర్నాడు ఆ పలక కొట్టినవాడిని మన ఊళ్లు ఎక్కడ నిలబెడతాయి? పాట పాడితే కులం బయటపడుతుందని బిడియపడిన బిడ్డలను తప్పుపట్టే హక్కు మనకు లేదు.

పాటను దాచుకోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. 1919 ఫిబ్రవరిలో మదనపల్లె బిసెంట్ థియోసాఫికల్ కాలేజీలో ఉన్నప్పుడే రవీంద్రనాథ్ ఠాగూర్ జనగణమనను ఇంగ్లీషులోకి మార్చారు. ఆ పాట వరసకు సంగీతం తెలిసిన మార్గరెట్ కజిన్స్ అక్కడే స్వరలిపి రాసిపెట్టారు. వరసను రాసి దాచడం ఎంత పెద్ద పనో ఈ ఊరికి వేరే చెప్పాలా! కాలేజీ గోడ అవతలి పొలాల్లో పాడుకునే వరసల మీద అలాంటి శ్రద్ధ మనం ఇప్పటికీ పెట్టలేదు. బిరుదురాజు రామరాజు గారి వంటి పెద్దలు జానపద గేయాలను సేకరించి, పరిశోధించి మహోపకారం చేశారు. అయితే అచ్చు పుస్తకంలో గొంతు ఉండదు. పైగా చాలా సంకలనాల్లో సేకరించినవారి పేరు ఉంటుంది, పాడినవారి పేరు ఉండదు.

నిలిచిన పాట లేకపోలేదు. సరిహద్దు అవతల చింతామణి దగ్గరి కైవారం తాతయ్య తెలుగులో, కన్నడంలో చెప్పిన తత్వాలను భజన బృందాలు ఇప్పటికీ పాడుతున్నాయి. వాటికి భజన గుడి ఉంది, తాతయ్య పేరుంది, నేర్పే గురువున్నాడు. తెలంగాణలో పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్య 2021లో ఒక సినిమా పాటతో ఇంటింటికీ తెలిశారు, 2022లో పద్మశ్రీ అందుకున్నారు. వాయిద్యంతో పాటు మనిషి పేరు కూడా జనం నోట నిలిచింది. కపిల తోలిన పెద్దాయనకు ఇందులో ఏ ఒక్కటీ లేదు.

పిల్లప్పుడు కపిల తోలినవాళ్లు ఇప్పుడు డెబ్బై దాటారు. ద్రావిడ భాషల కోసం 1997లో పెట్టిన విశ్వవిద్యాలయం కుప్పంలోనే ఉంది. మదనపల్లె, పుంగనూరు డిగ్రీ కాలేజీల పిల్లలను కలుపుకుని ఈ వేసవి సెలవుల్లోనే ఈ పాటలు రికార్డు చేసే పని అది మొదలుపెట్టాలి. సెల్‌ఫోన్ చాలు. గదిలో కుర్చీ వేసి పాడించకుండా, వీలైతే ఆ బావి గట్టుకే తీసుకుపోయి, ఎద్దును అదిలించే కేకలతో సహా పట్టుకోవాలి. పేరు, ఊరు, బావి ఎవరిదన్నది ఆ పెద్దాయన నోటితోనే ముందు చెప్పించాలి. ఆయనకైనా, కలుపు పాట పాడే అవ్వకైనా, ఒక రోజు కూలికి తక్కువ కాకుండా చేతిలో పెట్టాలి. రికార్డు నకలు వాళ్ల ఇంటికి ఇవ్వాలి. రేపు ఆ పాటను సినిమావాళ్లు వాడుకుంటే డబ్బు ఎవరికి చేరాలో ముందే కాగితం మీద రాసుకోవాలి.