నిమ్స్ వార్డులో ఆ యువ డాక్టరు ఇంకా చదువుకుంటున్నారా? ఎండీ, డీఎంలలో అసలేం నేర్పుతారు?

పంజాగుట్ట నిమ్స్‌లో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడ్మిట్ చేశారనుకోండి. మొదటి రోజే ఒకే కథ మూడుసార్లు చెప్పాల్సి వస్తుంది. జ్వరం ఎప్పుడు మొదలైంది, షుగర్ ఎన్నేళ్ల నుంచి ఉంది, ఏ మాత్రలు వాడుతున్నారు అని ఒక డాక్టరు రాసుకుని వెళ్తారు. కాసేపటికి ఇంకొకరు వచ్చి మళ్లీ అవే ప్రశ్నలు అడుగుతారు. మర్నాడు పొద్దున రౌండ్స్‌లో ఏడెనిమిది మంది మంచం చుట్టూ నిలబడతారు. ఒకరు మీ కథనే ఇంగ్లిష్‌లో అప్పజెబుతుంటే, పెద్ద డాక్టరు మధ్యమధ్యలో ఆపి ప్రశ్నలు వేస్తారు. అప్పుడు మీకు అనుమానం వస్తుంది. వీళ్లు డాక్టర్లా, స్టూడెంట్లా?

రెండూ. ఎంబీబీఎస్ పూర్తి చేసి, రిజిస్ట్రేషన్ తీసుకుని, ఇప్పుడు స్పెషలిస్టు డిగ్రీ కోసం చదువుతున్న డాక్టర్లు వాళ్లు. అందరూ పీజీలు అంటారు, కాగితాల్లో రెసిడెంట్లు అని ఉంటుంది. వాళ్ల సిలబస్‌లో పుస్తకాలది ఒక భాగమే. మిగతాదంతా మీ మంచం దగ్గరే నడుస్తుంది. అందుకే ఆ చదువు లక్ష్యాలేంటో, అందులో మీ పాత్రేంటో తెలిసి ఉండటం మంచిది.

ఎండీ అంటే ఒక్కో దేశంలో ఒక్కో అర్థం

ముందు పేర్ల గందరగోళం తేల్చుకుందాం. అమెరికాలో ఎండీ అంటే తొలి వైద్య డిగ్రీ, దాదాపు మన ఎంబీబీఎస్ లాంటిది. బ్రిటన్‌లో అదే పేరుతో ఇచ్చేది పరిశోధన డిగ్రీ. మన దగ్గర ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్లు చదివితే వచ్చే స్పెషలిస్టు డిగ్రీ. జార్జియాలోనో, ఫిలిప్పీన్స్‌లోనో చదివి వచ్చినవాళ్ల పట్టా మీద ఎండీ అని ఉన్నా ఇక్కడ దాని విలువ ఎంబీబీఎస్‌తో సమానమే. అది కూడా ఎఫ్‌ఎంజీఈ పరీక్ష పాసైతేనే. బోర్డు మీద రెండక్షరాలు చూసి స్పెషలిస్టు అనుకునే ముందు ఈ తేడా గుర్తుంచుకోండి.

ఎండీ పైన డీఎం, సర్జరీ వైపు ఎంసీహెచ్ ఉంటాయి. గుండె, మెదడు, కిడ్నీ, కీళ్లవాతం లాంటి సూపర్ స్పెషాలిటీలు ఇవి. ఇంకో మూడేళ్లు. లెక్క వేయండి: ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఎంబీబీఎస్ అయిదున్నరేళ్లు, ఎండీ మూడు, డీఎం మూడు. మొత్తం పదకొండున్నరేళ్లు. మధ్యలో నీట్ పీజీ, నీట్ ఎస్ఎస్ పరీక్షల కోసం కూర్చునే కాలం ఇందులో కలపలేదు. మెట్రోలో ఒక్క స్టేషన్ అవతల, అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ మూడు నెలల్లో కోర్సు పూర్తి, ఆ వెంటనే ఉద్యోగం అనే బోర్డులు వేలాడుతుంటాయి. ఇటు పంజాగుట్టలో ఒక కార్డియాలజిస్టు తయారవడానికి దశాబ్దం దాటుతుంది.

పీహెచ్‌డీ దారి వేరు. అది పూర్తిగా పరిశోధన కోసం. మన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, 1930లో హార్వర్డ్ నుంచి పీహెచ్‌డీ తీసుకున్నారు. వార్డులో మీకు కనిపించేవాళ్లలో ఎక్కువమంది ఆ దారిలో లేరు.

నిమ్స్ ప్రత్యేకత ఏంటి?

గాంధీలో, ఉస్మానియాలో పీజీ చేసేవాళ్లకు డిగ్రీ ఇచ్చేది వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం. నిమ్స్ అలా కాదు. నిజాం ట్రస్టు సాయంతో 1960లలో ఎముకల ఆసుపత్రిగా మొదలైన ఈ సంస్థకు 1989లో శాసనసభ చట్టంతో విశ్వవిద్యాలయ హోదా వచ్చింది. తొలి డైరెక్టర్ అమెరికా నుంచి తిరిగొచ్చిన రేడియాలజిస్టు కాకర్ల సుబ్బారావు. తన పరీక్షలు తానే పెట్టుకుంటుంది, తన డిగ్రీలు తానే ఇస్తుంది. ఎంబీబీఎస్ కోసం పుట్టిన కాలేజీ కాదిది, మొదటి నుంచీ పీజీ, సూపర్ స్పెషాలిటీ చదువులకే పేరు. కొత్త మందుల ప్రయోగాలను చదివే క్లినికల్ ఫార్మకాలజీలో డీఎం ఉన్న కొద్ది సంస్థల్లో ఇదొకటి. 2020 జులైలో కొవాగ్జిన్ తొలి దశ ట్రయల్ జరిగిన కేంద్రాల్లో నిమ్స్ ఉండటం యాదృచ్ఛికం కాదు.

అయితే ఏం నేర్పాలన్నది మాత్రం నిమ్స్ ఒక్కటే నిర్ణయించుకునేది కాదు. ఆ పని జాతీయ వైద్య కమిషన్ (ఎన్ఎంసీ)ది. 2020 సెప్టెంబర్‌లో పాత మెడికల్ కౌన్సిల్ స్థానంలో వచ్చింది. పీజీ చదువుల నిబంధనలను 2023లో మళ్లీ రాసింది.

లక్ష్యాల్లో వైద్యం ఒక్కటే లేదు

ఎండీ చేసినవాళ్లు రోగం కనిపెట్టి మందు రాయగలిగితే చాలదా? నిబంధనల ప్రకారం చాలదు. తన చుట్టూ ఉన్న సమాజానికి ఏ వైద్యం అవసరమో గుర్తించాలి. తన విభాగంలో నైపుణ్యం సాధించాలి. కొత్తగా వస్తున్న విజ్ఞానాన్ని పరీక్షించి చూసే పరిశోధన దృష్టి ఉండాలి. తర్వాతివాళ్లకు పాఠం చెప్పగలగాలి. వీటన్నిటితో పాటు రోగితో, బంధువులతో మాట్లాడే తీరు కూడా కరిక్యులమ్‌లో రాసి ఉంది. జ్ఞానం, చేతి పని, ప్రవర్తన అని మూడు భాగాలు చేసి, ప్రవర్తనను మూడోదిగా లెక్కలోకి తెచ్చారు.

చేతి పని నేర్చుకోవడానికి మెట్లున్నాయి. వెన్నులోంచి నీరు తీయడమే తీసుకోండి. మొదట చూడాలి. తర్వాత సీనియర్‌కు సాయం చేయాలి. ఆ తర్వాత సీనియర్ పక్కన ఉండగా తానే చేయాలి. చివరికి ఒంటరిగా. ప్రతి మెట్టూ లాగ్‌బుక్‌లో ఎక్కాలి, గైడ్ సంతకం పడాలి. కాబట్టి ఓ కుర్ర డాక్టరు సూది పట్టుకుని వస్తే, 'ఇంతకుముందు చేశారా, పక్కన సీనియర్ ఉంటారా' అని మీరు అడగడం అవమానమేమీ కాదు. ఆ పుస్తకం అడిగే ప్రశ్న కూడా అదే.

వారంలో కేస్ ప్రెజెంటేషన్లు, సెమినార్లు, కొత్త పరిశోధనా పత్రాలను విడదీసి చర్చించే జర్నల్ క్లబ్ ఉంటాయి. పొద్దున రౌండ్స్‌లో మీ కథ మూడోసారి వినిపించడం కూడా పాఠమే. మొదటివాళ్లు అడగడం మరిచిపోయింది రెండోవాళ్లకు దొరుకుతుంది. చిరాకేసినా ఓపిగ్గా చెప్పండి. మీరు మరిచిపోయింది కూడా మీకు అప్పుడే గుర్తుకొస్తుంది.

మీకు అలవాటైన డాక్టరమ్మ ఉన్నట్టుండి మూడు నెలలు కనిపించకపోతే కంగారు పడొద్దు. 2020లో తెచ్చిన జిల్లా రెసిడెన్సీ నిబంధన ప్రకారం ఎండీ, ఎంఎస్ విద్యార్థులు మూడు, నాలుగు, ఐదు సెమిస్టర్లలో ఏదో ఒకదానిలో మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలి. అన్ని స్కానింగులూ ఒకే ప్రాంగణంలో దొరికే చోట చదివినవాళ్లు, అవి లేని చోట ఎలా నెగ్గుకురావాలో చూసి రావాలన్నది ఉద్దేశం. కరిక్యులమ్‌లో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

థీసిస్‌లో మీరూ ఉండొచ్చు

ప్రతి ఎండీ విద్యార్థీ ఒక థీసిస్ రాయాలి. చేరిన కొద్ది నెలల్లోనే అంశం ఎంచుకోవాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి తెచ్చుకోవాలి, చివరి పరీక్షకు ఆరు నెలల ముందే సమర్పించాలి. అది ఆమోదం పొందితేనే పరీక్ష. అంటే చేతిలో ఉండేది రెండేళ్ల పైచిలుకు. ఆ లోపు తన అంశానికి సరిపోయే రోగులు అవసరమైనంతమంది దొరకాలి. ఆ తొందర మీ మంచం దాకా వస్తుంది.

పరిశోధనలో చేరమని అడిగితే మీకు తెలిసిన భాషలో వివరాల పత్రం ఇవ్వాలి, చదవలేకపోతే చదివి వినిపించాలి. ఏం చేస్తారు, అదనంగా రక్తం తీస్తారా, ఖర్చెవరిది అన్నవి చెప్పాలి. ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకున్నాక మధ్యలో మానేయొచ్చు. దేనివల్లా మీ వైద్యం ఆగకూడదు, తగ్గకూడదు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో ఇదంతా ఉంది. కాగితం మీద ఉన్నంత శుభ్రంగా అన్నిచోట్లా జరుగుతుందని చెప్పలేను. ఒకసారి ఓ ఆసుపత్రిలో మా ఇంట్లోవాళ్ల మంచం దగ్గర కాగితం కంటే ముందు పెన్ను చేతికొచ్చింది. 'ఇక్కడ సంతకం పెట్టండి' అన్నారంతే. మేమూ పెట్టేశాం. అడగొచ్చని అప్పుడు తెలియదు.

ఈ విషయంలో మన పక్క వీధికే ఒక చరిత్ర ఉంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని దోమ కడుపులో చూసింది అమీర్‌పేటను ఆనుకుని ఉన్న బేగంపేటలోనే. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే రోగిని. దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారు. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. ఈ రోజు ఏ పీజీ అయినా అలాంటి ప్రతిపాదన తెస్తే ఎథిక్స్ కమిటీ మొదట అడిగేది ఆ అణాల గురించే.

పరీక్షలో దేనికి మార్కులు?

చివర్లో నాలుగు థియరీ పేపర్లు, తర్వాత ప్రాక్టికల్స్, వైవా. థియరీలో, ప్రాక్టికల్స్‌లో విడివిడిగా 50 శాతం రావాలి. ప్రాక్టికల్ అంటే నిజమైన రోగులే. అభ్యర్థి పరీక్షించి రోగమేంటో చెప్పాలి, బయటి సంస్థల నుంచి వచ్చిన ఎగ్జామినర్లు గుచ్చి గుచ్చి అడుగుతారు.

నా అభ్యంతరం ఇక్కడే. ప్రవర్తన ఒక లక్ష్యమని రాశారు, బాగుంది. కానీ పాస్, ఫెయిల్ తేల్చే రోజున ఎక్కువగా కొలిచేది రోగ నిర్ధారణనే. క్యాన్సర్ అని తేలిందన్న కబురు కూతురికి ఎలా చెప్పారన్నది చూసే కళ్లు ఆ గదిలో తక్కువ. ఏడాది పొడవునా గైడ్ నింపే అంచనా పత్రాలు ఆ లోటును కొంత పూడ్చాలి. వాటిని ఎంత శ్రద్ధగా నింపుతారన్నది విభాగాన్ని బట్టి ఉంటుంది.

ఇంకోటి, పని గంటలు. రెసిడెంట్లను వారానికి 48 గంటలు, ఏకధాటిగా 12 గంటలు మించి పనిచేయించకూడదని కేంద్రం 1992లోనే చెప్పింది. 2023 నిబంధనల్లో మాత్రం అంకె లేదు. 'సహేతుకమైన' గంటలు, పని వీలును బట్టి వారానికో సెలవు అని ఉంది. ఎన్ఎంసీయే వేసిన టాస్క్‌ఫోర్స్ 2024లో వారానికి 74 గంటలు దాటొద్దని సిఫారసు చేసింది. 48 ఎక్కడ, 74 ఎక్కడ? సిఫారసు కూడా పాత నియమం కంటే 26 గంటలు ఎక్కువుందంటే వార్డులో జరిగేది ఊహించుకోవచ్చు. ఓపికగా మాట్లాడటం నేర్పాలని రాసిన కరిక్యులమ్, నిద్రకు గంటలు రాయలేదు. రాత్రి రెండింటికి మీ ప్రశ్నకు విసుక్కున్న డాక్టరు నిన్న పొద్దుటి నుంచి డ్యూటీలో ఉండి ఉండొచ్చు. ఆ విసుగును సమర్థించడం లేదు, అది ఎక్కడి నుంచి వస్తోందో చెబుతున్నాను.

మీరేం చేయొచ్చు?

మీరు ఏ యూనిట్ కింద అడ్మిట్ అయ్యారో, ఆ యూనిట్ పెద్ద ఎవరో మొదటి రోజే అడిగి రాసుకోండి. చికిత్స బాధ్యత చివరికి ఆ కన్సల్టెంట్‌దే, పీజీది కాదు. ఆపరేషన్‌కో, పెద్ద పరీక్షకో సమ్మతి పత్రం ఇస్తే, చేసేదెవరు, దగ్గరుండి చూసేదెవరు అని రెండూ అడగండి. మందులు, చికిత్సలను పోల్చి చూసే ట్రయల్ అయితే సీటీఆర్ఐ నంబర్ చెప్పమనండి. క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఆ నంబర్ కొడితే దాని వివరాలు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. సమ్మతి పత్రం కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. అందులో గైడ్ పేరు, ఎథిక్స్ కమిటీని సంప్రదించాల్సిన వివరాలు ఉండాలి. లేకపోతే సంతకానికి ముందే రాసివ్వమనండి.